తెల్ల పెట్టెలో నల్ల వత్తి

ముప్ఫయ్యొక్క ఏళ్ళపాటు రోజూ దూరం చూసి, ఏది ఎంతవరకు కనబడుతోందో పుస్తకంలో రాసిన మనిషికి చూపు మందగించిందని కాగితమిచ్చి ఇంటికి పంపారు. ఆ కాగితం మా రేవు ఆఫీసు గోడ మీద నెల రోజులు అంటించి ఉంది. దాని ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. చింపేద్దామని రెండుసార్లు చెయ్యెత్తాను కూడా. ఆ కాగితం అందుకున్న ఇబివారి మేడమే ఆపింది. "ఉండనీ ఓవనారీ. కింద సంతకం ఎవరిదో అందరూ చదువుకోనీ" అంది.

నాది ఆ రేవులో బోలే కొట్టు. అరటికాయనీ చేపనీ నిప్పుల మీద కాల్చి, మిరపకారం కలిపిన పామాయిలు పోసి అమ్ముతాను. పడవ ఎక్కేవాళ్ళయినా దిగేవాళ్ళయినా నా ముందు నుంచే పోవాలి. ఇబివారి మేడమ్ వాతావరణం కొలిచే తెల్ల చెక్కపెట్టెకూ నా పొయ్యికీ మధ్య దూరం ఎనభై అడుగులు. ఆ దూరం కొలిచింది ఆవిడే. నేను కొట్టు పెట్టిన మొదటి రోజునే టేపు పట్టుకుని వచ్చింది.

"నీ పొగ నా పెట్టె మీదికి వస్తోంది. పొయ్యి అటు జరుపు" అంది.

"గాలి ఇటు వీస్తే నేనేం చెయ్యను? గాలి నీదా?" అన్నాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, నోరు ఇప్పటికంటే పెద్దది.

"గాలి ఎవరిదీ కాదు. అందుకే దాన్ని పాడు చేసే హక్కు నీకూ లేదు, నాకూ లేదు. జరుపు."

జరపక తప్పలేదు. ఆ తర్వాత గాలి మారినప్పుడల్లా ఆవిడ కిటికీలోంచి వేలు చూపించేది, నేను తిట్టుకుంటూ పొయ్యిని ఈడ్చేదాన్ని. మా స్నేహం అలా మొదలైంది.

ఆ పెట్టెలో ఉండేవి రెండు థర్మామీటర్లు. ఒకటి ఉత్తది. రెండోదాని అడుగు బుల్బుకు పల్చటి తెల్లగుడ్డ వత్తిలా చుట్టి ఉంటుంది. ఆ వత్తి కొస చిన్న సీసాలోని నీళ్ళలో మునిగి ఉంటుంది. వత్తి తడిగా ఉండి ఆ తడి ఆరుతూ ఉంటే ఆ థర్మామీటరు చల్లబడుతుంది. గాలి పొడిగా ఉంటే ఎక్కువ చల్లబడుతుంది, గాలిలో తేమ నిండుగా ఉంటే అసలు చల్లబడదు. రెండింటికీ తేడా ఎంతో చూసి, అట్ట మీది పట్టికలో వెతికి, గాలిలో తేమ నూటికి ఎంత ఉందో రాస్తుంది. నాకు అయిదో క్లాసు చదువే అయినా ఇదంతా తెలుసు. ఇన్నేళ్ళు ఎనభై అడుగుల దూరంలో కూర్చున్నదాన్ని, ఆ మాత్రం తెలియకపోతే నాకే సిగ్గు.

తర్వాత మెట్లెక్కి నది వైపు చూస్తుంది. ఐసు ఫ్యాక్టరీ చిమ్నీ మూడు వందల మీటర్లు. నీళ్ళ మీద తేలే ఎర్ర బోయా ఏడు వందలు. మిషన్ చర్చి సిలువ పన్నెండు వందలు. అవతలి ఒడ్డు రేకుల షెడ్డు రెండు కిలోమీటర్లు. నది మలుపులో ఒంటిగా నిలబడ్డ మడచెట్టు నాలుగు. ఏది చివరిగా కనబడితే ఆ దూరం పుస్తకంలో రాస్తుంది. సిలువ కనబడకపోతే ఎర్రజెండా ఎగరేస్తుంది, పడవలు కదలవు. పొద్దున ఆరింటికి ఆ సిలువను చూడందే ఆవిడ ఎవరి మొహమూ చూడదు. "ముందు సిలువ, తర్వాతే మీరు" అనేది. పడవవాళ్ళు ఆవిడకు కళ్ళ మేడమ్ అని పేరు పెట్టారు. "కళ్ళ మేడమ్, అవతలి ఒడ్డున నా మొగుడు ఎవరింట్లో ఉన్నాడో కాస్త చూసి చెప్పండి" అని ఆడవాళ్ళు ఎగతాళి చేస్తే, "నాలుగు కిలోమీటర్ల లోపల లేడు, పారిపోయినట్టున్నాడు" అని మొహం కదలకుండా జవాబిచ్చేది.

బురదలో నత్తలు ఏరి అమ్మే తల్లికి పుట్టిన పిల్ల ఆవిడ. పందొమ్మిదో ఏట ఈ ఉద్యోగంలో చేరింది. అప్పటి ముసలి పరిశీలకుడు ఆవిడకు మూడు సంగతులు నేర్పాడట. పుస్తకంలో రాసింది చెరపకూడదు, తప్పయితే ఒక్క గీత గీసి పక్కన సంతకం పెట్టాలి. తేమ తొంభై అయిదు దాటితే చూపుకి అడ్డొచ్చింది మంచు అని రాయాలి, లోపలుంటే పొగ అనో ధూళి అనో రాయాలి. మూడోది, వత్తి సీసాలో వాననీళ్ళే పొయ్యాలి. నదినీళ్ళలో ఉప్పు, బోరునీళ్ళలో తుప్పు. దేవుడి చేతి నుంచి నేరుగా పడే నీళ్ళే నిఖార్సైనవని ముసలాయన అనేవాడట. ముప్ఫయ్యొక్క ఏళ్ళూ ఆ మూడు సంగతుల్నీ ఆవిడ తప్పలేదు. పుస్తకంలో గీతలు మొత్తం కలిపి పదకొండు. వేళ్ళ మీద లెక్కచెప్పేది, ఏ ఏడాది ఏ తప్పో కూడా.

ఎనిమిదేళ్ళ కిందట మసి మొదలైంది. తెల్లారి లేచి చూస్తే తలుపు గడియ మీద, అన్నం గిన్నె మీద, పిల్లల ముక్కుల్లో నల్లటి పొడి. ఉత్తరాన్నుంచి వచ్చే ఎడారి ధూళి అన్నారు పెద్దమనుషులు. ఆ ధూళి మాకు తెలియదా? అది గోధుమరంగులో ఉంటుంది, పెదవులు పగలగొడుతుంది, నెలరోజులుండి పోతుంది. ఇది నల్లనిది, జిడ్డుది, పోయేది కాదు. పాయల్లో దొంగిలించిన ముడిచమురు వండి డీజిలు తీస్తున్నారని, పీపాల కింద మంటపెట్టి, మిగిలిన మడ్డిని అక్కడే తగలబెడుతున్నారని చంటిపిల్లను అడిగినా చెబుతుంది. ఆ క్యాంపులు చీఫ్ ఇగోనిబోవని కూడా చెబుతుంది. పెద్దవాళ్ళే చెప్పరు. ఆయన చర్చికి బల్లలు చేయించాడు, పడవ యజమానుల సంఘానికి పెద్ద, ఎవరింట చావైనా మేక పంపిస్తాడు. మేక మాంసం నోట్లో ఉన్నవాడు ఏం మాట్లాడతాడు?

కిందటేడు తొలి వాన మార్చి మొదటివారంలో పడింది. నాలుగో రోజు పొద్దున బియోబెలె పడవ ప్రమాదం జరిగింది.

బియోబెలె మా రేవులో అందరికంటే నెమ్మదైన పడవవాడు. మరీ నెమ్మదని, ముసలమ్మలు ఎక్కే పడవ అని కుర్రవాళ్ళు వెక్కిరించేవాళ్ళు. ఆ రోజు ఆరింటికి మేడమ్ చూసినప్పుడు సిలువ కనబడింది, జెండా ఎగరలేదు. ఆరూ నలభైకి అతను పద్నాలుగు మందితో బయల్దేరాడు. వాళ్ళలో నా పక్కనే కూర్చుని నత్తలమ్మే సియెనె ఉంది. "అక్కా, రెండు చేపలు కాల్చి ఉంచు, మధ్యాహ్నానికి వచ్చేస్తా" అని చెప్పి ఎక్కింది.

ఏడు కావడానికి పది నిమిషాలుందనగా పాయ నోట్లోంచి ఆ నల్లటిది వచ్చింది. నా కళ్ళతో చూశాను. ఆకాశం నుంచి దిగలేదు, నీళ్ళ మీద పాకుతూ వచ్చింది. బోయా పోయింది, చిమ్నీ పోయింది. నా కళ్ళు మండాయి, నోట్లో కిరసనాయిలు తాగినట్టయింది. తర్వాత నది మధ్యలో పెద్ద చప్పుడు. ఆ తర్వాత అరుపులు.

సరిగ్గా ఏడింటికి మేడమ్ టార్చి లైటుతో పెట్టె దగ్గరకు వెళ్ళింది. చదివింది, మెట్లెక్కి చూసింది, రాసింది. అరుపులు వినబడుతుంటే రాస్తోందేమిటీ మనిషి అని నాకు అసహ్యం వేసింది. రాసి పెన్సిలు జేబులో పెట్టుకుని, బూట్లతోనే నీళ్ళలోకి దిగి, ఈదుకుంటూ వచ్చిన ఇద్దర్ని జుట్టు పట్టి ఒడ్డుకు లాగింది. దీపం లేకుండా నది మధ్య లంగరేసిన ఓ పెద్ద చెక్కనావను బియోబెలె పడవ గుద్దుకుంది. ఆ నావ నిండా నూనె పీపాలు. మధ్యాహ్నానికి ఆ నావ లేదు, మాయమైంది. ముగ్గురు చచ్చిపోయారు. సియెనె రెండో రోజు మడవేళ్ళ మధ్య దొరికింది. నేను కాల్చి ఉంచిన రెండు చేపలు ఏం చెయ్యాలో తెలియక నదిలో వేశాను.

బియోబెలెను పట్టుకుపోయారు. మంచులో పడవ నడిపాడు, మంచు కమ్మితే పడవ ఆపి గంట కొట్టాలన్న నిబంధన మీరాడు, ముగ్గురి ప్రాణాలు తీశాడు. అదీ నేరం. మంచు అనేది మెల్లగా కమ్ముతుంది, ఆపుకోవడానికి ఏ పడవవాడికైనా టైముంటుంది, కాబట్టి తప్పంతా అతనిదే. నిరూపణ అయితే జైలు. మంచని ఎవరన్నారు? పుస్తకం అంది. మేడమ్ చేతిరాతతో, ఏడు గంటల వరుసలో: చూపు దూరం రెండు వందల మీటర్లు, తేమ తొంభై ఏడు, మంచు.

అయిదో రోజున బెయిలిచ్చి వదిలారు. తల మీద కట్టుతో నేరుగా ఆవిడ దగ్గరకే వచ్చాడు.

"ఆంటీ, అది మంచు కాదు."

"తేమ తొంభై ఏడుంది బాబూ."

"మంచుకి వాసనుంటుందా ఆంటీ? మంచు కళ్ళల్లో మండుతుందా? గోనెసంచి నెత్తిన బోర్లించినట్టు పడింది నా మీద. ఇంజను ఆపేలోపే గుద్దుకుంది. చెయ్యి చాపితే చెయ్యి కనబళ్ళేదు."

"నీ కళ్ళు మండాయని నేను పుస్తకంలో రాయలేను. థర్మామీటరు చెప్పిందే రాస్తాను."

"థర్మామీటరుకి పిల్లల్లేరు ఆంటీ. నాకు ముగ్గురున్నారు."

నేను ఊరుకోగలనా? "మీకు ముక్కులేదా మేడమ్?" అని అరిచాను. "ఆ పూట మీరు పీల్చలేదా? ఆ ఇగోనిబో గాడి పొగని పొగ అనడానికి భయమైతే చెప్పండి, పుస్తకం వెనక దాక్కోకండి!"

"భయం కాదు" అంది. మొహం తెల్లబోయింది. "నా ముక్కు చెప్పిందల్లా రాయడం మొదలుపెడితే రేపు ఇంకెవడి ముక్కో ఇంకోటి చెబుతుంది. అందుకే పుస్తకం పెట్టారు."

ఆ తర్వాత మూడు రోజులు ఆవిడకు టీ పొయ్యలేదు. గాలి మారి కిటికీలోంచి వేలు చూపించినా పొయ్యి జరపలేదు. ఇప్పుడు తలుచుకుంటే చిన్నతనంగానే ఉంది, కానీ అప్పుడు నా కడుపు మంట నాది.

శనివారం నాడు, మర్నాటి చర్చికని నా తెల్ల జాకెట్టు నానబెట్టాను. తొలి వాననీళ్ళు డ్రమ్ములో పట్టి ఉంచాను కదా, మంచినీళ్ళని వాటితోనే ఉతికాను. జాడించి పైకెత్తితే జాకెట్టు ఎలకరంగు. పిండితే వేళ్ళకి జిడ్డు. నాకు పిచ్చికోపమొచ్చింది. ఆ జాకెట్టు గాలిలో ఊపుకుంటూ రేవు మధ్య నిలబడి, క్యాంపులవాళ్ళని, వాళ్ళ తండ్రుల్ని, మేకలు తిన్నవాళ్ళని, అందర్నీ కలిపి తిట్టాను. "ఉతకడానికి వాననీళ్ళు కూడా మిగల్చలేదు కదరా! దేవుడి నీళ్ళల్లో కూడా మీ మడ్డి పోశారు కదరా!"

కిటికీ తెరుచుకుంది. మేడమ్ నా జాకెట్టు వైపు చూసింది. "అది ఏ నీళ్ళతో ఉతికావు?" అంది.

"చెబుతున్నాగా, వాననీళ్ళు. తొలి వాన."

ఆవిడ బయటికొచ్చి పెట్టె దగ్గరకు నడిచింది. నడక చూసి నేనూ వెంట వెళ్ళాను. తలుపు తీసి, వంగి, వత్తిని పట్టుకుని బయటికి లాగింది. ఆ వత్తి దీపంలో కాలి ఆరిపోయినదానిలా ఉంది. నీటిచుక్క దాని మీద ఇంకలేదు, గుండ్రంగా నిలబడి జారిపోయింది. సీసాలో నీళ్ళ మీద రంగురంగుల పొర.

ఆవిడ పెట్టె మెట్టు మీద కూర్చుండిపోయింది.

"చెప్పండి మేడమ్, ఏమైంది?"

"జిడ్డు పట్టిన వత్తి తడవదు" అంది నెమ్మదిగా. "తడవకపోతే ఆరదు. ఆరకపోతే థర్మామీటరు చల్లబడదు. చల్లబడకపోతే రెండూ ఒకటే చూపిస్తాయి. అప్పుడు గాలి నిండా తేమే అనుకుంటాను నేను. మంచు అని రాస్తాను." వత్తిని వేళ్ళ మధ్య తిప్పుతూ, "తొలి వాన పడిన రోజున సీసా కడిగి నింపాను. ముసలాయన చెప్పినట్టే" అంది.

"వత్తి నల్లగా ఉన్నట్టు కనబళ్ళేదా?"

"ఎనిమిదేళ్ళుగా ప్రతి వత్తీ బూడిదరంగే. కొత్త గుడ్డ పంపమని పై ఆఫీసుకు రాసి ఏడాదైంది, జవాబు లేదు. వారానికి మార్చాల్సింది రెండు వారాలకు మారుస్తున్నాను. బూడిదరంగు అలవాటైపోయింది ఓవనారీ. చీకట్లో టార్చి వేసి పాదరసం చూస్తాను, కిందికి చూడను." నాకు కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. టీ తెచ్చి ఇచ్చాను.

తాగలేదు. టీ గిన్నె మీది మూతను చూస్తూ కూర్చుంది. మూత కింద ఆవిరి చుక్కలు కట్టి ఉన్నాయి. "ఈ నీళ్ళు నాకు ఒక సీసాడు కావాలి" అంది.

ఆ సాయంత్రమంతా నేను నీళ్ళు మరగబెట్టడం, ఆవిడ మూతకు పట్టిన చుక్కల్ని సీసాలోకి దింపుకోవడం. వత్తికి గుడ్డ లేదు. నా పెట్టెలో అడుగున మా పెద్దదాని బాప్తిస్మం గౌను ఉంది, పల్చటి నూలుది, అంచు చింపి ఇచ్చాను. ఇప్పుడు చెబుతుంటే గొప్పగా ఉంది కానీ ఆ పూట చింపుతుంటే ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి మూడు రోజులు పెట్టెలో మూడు థర్మామీటర్లు పెట్టింది. ఉత్తది ఒకటి, పాత నల్ల వత్తిది ఒకటి, గౌను అంచుది ఒకటి. మూడింటికీ ఒకే గాలి. పాత వత్తి ప్రకారం తేమ తొంభై ఏడు. కొత్త వత్తి ప్రకారం ఎనభై ఆరు. తేడా అంతా మసిదే. ప్రమాదం నాడూ ఆ పాత వత్తి తొంభై ఏడే చూపింది, అంటే అసలు తేమ ఎనభై ఆరే, మంచు కాదు. ఆ పొద్దున కమ్మింది పొగ.

విచారణ రేవు ఆఫీసు హాల్లో జరిగింది. ముగ్గురు సభ్యుల కమిటీ, మధ్యలో తెల్ల లాల్చీ వేసుకున్న ఛైర్మను. చీఫ్ ఇగోనిబో మొదటి వరసలో దంతపు పిడి చేతికర్రతో కూర్చున్నాడు, చుట్టపుచూపుకొచ్చినట్టు. పడవ యజమానుల సంఘం తరఫున లాయరు వచ్చాడు. బియోబెలె మూల నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

లాయరు పుస్తకం తెరిచి ఏడు గంటల వరుస చదివాడు. "ఇది మీ రాతేనా మేడమ్?"

"నాదే. తప్పు రాశాను."

ఆవిడ ముందుకెళ్ళి పెన్సిలు తీసి, ఆ వరుస మీద ఒక్క గీత గీసి, పక్కన సంతకం పెట్టింది. అలాంటి గీతలు వరసగా పన్నెండు రోజులకి గీసింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో పదకొండు గీతలున్న మనిషి, నలుగురి ముందు నిలబడి గీస్తోంది. తర్వాత జరిగిందంతా చెప్పింది, వాననీళ్ళు, వత్తి, మూడు రోజుల లెక్క, ఒక్క మాట దాచకుండా.

లాయరుకి పండగయింది. "అంటే పన్నెండు రోజులు మీ పుస్తకం తప్పు. మరి ముప్ఫయ్యొక్క ఏళ్ళది మాత్రం ఎలా నమ్మమంటారు?"

"నమ్మకండి. పరీక్ష చేయండి. పాత పుస్తకాలన్నీ తెచ్చాను. మసి రాకముందు, ఇదే నెల, ఇదే తేమ, ఎనభై ఆరు. ఎంతవరకు కనబడేదో చదవండి."

లాయరు చదవలేదు. బియోబెలె ముందుకొచ్చి తడబడుతూ చదివాడు. "మడచెట్టు. నాలుగు కిలోమీటర్లు. తర్వాతి రోజు ఎనభై ఏడు, మడచెట్టు. తర్వాతి రోజు ఎనభై అయిదు, మడచెట్టు."

"అదే తేమ" అంది మేడమ్. "అప్పుడు నాలుగు కిలోమీటర్లు. ఇప్పుడు రెండు వందల మీటర్లు. మధ్యలో ఏమొచ్చింది?"

"మీరే అన్నారుగా తేమ ఉందని!" లాయరు ఎగిరాడు. "ఎనభై ఆరు తక్కువా? ఈ ఊళ్ళో తేమ కూడా మా చీఫ్‌గారే పోశారా?"

కొందరు నవ్వారు. మేడమ్ వాళ్ళ వైపు తిరిగింది. "తేమ లేదని నేననలేదు. తేమ మా అమ్మ కాలంలోనూ ఉంది. వానాకాలం ఉప్పు డబ్బా మూత తీసి పెట్టండి, ఏమవుతుంది? నీళ్ళు పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. పొగలో ఉండే రేణువు కూడా అంతే, తేమ తాగి ఉబ్బుతుంది. పొడిగాలిలో కంటికి ఆననిది తడిగాలిలో గోడైపోతుంది. ఎడారి ఊళ్ళో ఇంత పొగ పెడితే ఇంత కమ్మదు, ఇక్కడ కమ్ముతుంది. ఇంత తడినేల మీద నూనె వండేవాడు ఆ సంగతి తెలుసుకుని వండాలి. తేమ దేవుడు పెట్టాడు. రేణువు దేవుడు పెట్టలేదు."

"పొగంటే గుర్తొచ్చింది" అన్నాడు లాయరు, నా వైపు తిరిగి. "మీ పెట్టెకి ఎనభై అడుగుల్లో చేపలు కాల్చే పొయ్యి ఉందట. ఆ మసి దానిది కాదని ఏంటి నమ్మకం?"

ఇంక నేనాగలేదు. "ఒరేయ్ కోటు బాబూ!" అన్నాను. ఛైర్మను బల్ల చరిచాడు, నేను వినలేదు. "నా పొయ్యి పొగ రెండు కొట్లు దాటదు! నది మీద మూడు మైళ్ళు కమ్మేంత పొగ రావాలంటే నేను ఊళ్ళో చేపలన్నీ కాల్చి, నిన్ను కూడా కాల్చాలి! నా పొగకి ఇన్నేళ్ళు వేలు చూపించి జరిపించింది ఈవిడ. మీ పొగకి వేలు చూపించేవాడు ఈ హాల్లో ఒక్కడున్నాడా?"

నన్ను బయటికి పంపేశారు. మిగిలింది కిటికీలోంచి చూశాను. మేడమ్ చేతిసంచిలోంచి నల్ల వత్తి తీసి ఛైర్మను ముందు తెల్లకాగితం మీద పెట్టింది. పక్కన గౌను అంచు పెట్టింది. "ఇది పన్నెండు రోజుల వాన. మీ పిల్లలు తాగేది కూడా ఇదే" అంది. ఛైర్మను కాగితాన్ని గోటితో కాస్త దూరం నెట్టాడు. చీఫ్ ఇగోనిబో కర్ర వైపు చూసుకుంటున్నాడు.

పదిరోజులకి తీర్పొచ్చింది. ఎంత తెలివైన తీర్పో వినండి. పరికరం చెడిందని పరిశీలకురాలే ఒప్పుకుంది కాబట్టి ఆమె పుస్తకాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఈ కాలంలో తెల్లవారుజామున మంచు పడడం అందరికీ తెలిసిందే. ప్రమాదం ఉన్నట్టుండి దిగిన సహజమైన మంచు వల్ల జరిగింది. ఇది ప్రకృతి పని, ఎవరి నేరమూ కాదు. బియోబెలె నిర్దోషి. అంటే చీఫ్ కూడా నిర్దోషి. క్యాంపులూ, దీపం లేని నావా అసలు లేనే లేవు. సియెనెను మంచు చంపింది. ఒకే గరిటెతో అందరికీ వడ్డించారు. కింద ఇంకో వాక్యం: చూపు మందగించిన కారణంగా పరిశీలకురాలికి విశ్రాంతి ఇవ్వడమైనది. దాని కింద ఛైర్మను సంతకం.

బియోబెలె లైసెన్సు కాగితం పట్టుకుని వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "నన్ను వదిలేశారు ఆంటీ. సంతోషపడాలో, ఏడవాలో తెలీట్లేదు."

"నడుపుకో. పిల్లలున్నారు" అంది. "కానీ ఎవరైనా అడిగితే అది మంచని మాత్రం అనకు."

"చచ్చినా అనను."

ఇప్పుడు పెట్టె దగ్గరికి కొత్తవాడు వస్తాడు, ఎనిమిదింటికి, నిద్రమొహంతో. వత్తి సీసాలో వాననీళ్ళే పోస్తాడు. రోజూ మంచని రాస్తాడు. మేడమ్ మాత్రం ఆరింటికి ముందే ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో వచ్చి నా కొట్టు బల్ల మీద కూర్చుంటుంది. ముందు సిలువ చూస్తుంది, తర్వాతే నన్ను. గౌను అంచులో మిగిలిన ముక్కలు ఒక్కొక్కటి సోమవారం సోమవారం నా కొట్టు వాసానికి వేలాడదీస్తుంది, ఆదివారానికి నల్లబడినవి తీసి తేదీ రాసి డబ్బాలో పెడుతుంది. జెండా ఎగిరిందో లేదో ఇప్పుడు ఎవరూ చూడరు. పడవవాళ్ళు ఇంజను స్టార్టు చేసేముందు కొట్టు దగ్గరికొచ్చి, "కళ్ళ మేడమ్, వెళ్ళొచ్చా?" అని అడుగుతారు. ఆవిడ చెబితేనే తాడు విప్పుతారు.

మొన్న డిసెంబరులో ఛైర్మనే వచ్చాడు. అవతలి ఊళ్ళో ఏదో పెళ్ళట, మంచులాంటి తెల్ల లాల్చీ, తెల్ల టోపీ. నది మీద మళ్ళీ అది కమ్మి ఉంది. బియోబెలె పడవ ఎక్కబోయి ఆగాడు, అటూ ఇటూ చూశాడు, చివరికి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్" అన్నాడు చిన్న గొంతుతో. "సిలువ కనబడుతోందా?"

నేనైతే చెప్పేదాన్ని కాదు. మీ కాగితం ప్రకారం ఆవిడకి చూపు లేదు, మీరే చూసుకోండి అనేదాన్ని. ఆవిడ లేచి నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని నది వైపు చూసింది.

"లేదు సార్. బోయా కూడా లేదు. ఎక్కకండి. కూర్చోండి."

కూర్చున్నాడు. గంటసేపు కూర్చున్నాడు. నేను బోలే పెట్టాను, తిన్నాడు. వాసానికి వేలాడుతున్న గుడ్డముక్క వైపు చూడకుండా తిన్నాడు. తిని లేచేసరికి లాల్చీ భుజాల మీద, చేతుల మీద నల్లటి పొడి పడి ఉంది. రుమాలు తీసి రుద్దాడు. అది పోలేదు, నల్లగా పాకింది. ఇంకా గట్టిగా రుద్దాడు.

"రుద్దకండి సార్" అన్నాను. "మంచేగా. ఆరిపోతుంది."